గుండెకు చెవి పెట్టిన మోటర్ మెకానిక్

వీపనగండ్ల చుట్టుపక్కల పది ఊళ్లలో, కాలువ మీదైనా బోరు మీదైనా నడిచే మోటర్లలో సగం మా కురుమూర్తి బావ ఒక్కసారైనా విప్పి బిగించినవే. మిగతా సగం కూడా ఆయన చేతికి రావాల్సినవే, వాటి రాత బాగాలేక ఇంకొకరి చేతిలో పడ్డాయి. ఇది ఆయన అనే మాట కాదు, నేననే మాట. నేను చెప్పేవాటిలో కొంత కలిపి చెప్పడం ఉంటుందని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పుడు, నా ప్రశ్నలకు జవాబు చెప్పలేక సార్లే దండం పెట్టి పంపించారని ఊరంతా తిరిగి చెప్పుకున్నవాణ్ణి. కానీ ఇప్పుడు రాసేదాంట్లో కలిపింది ఏమీ లేదు. ఒకసారి కలిపి చెప్పినందుకు ఏమైందో ఇందులోనే ఉంది.

బావకు నలభై ఆరేళ్లు. పొట్టి మనిషి, మెడ ఇంకా పొట్టి. రైతు ఫోన్ చేసి "మోటర్ నీళ్లు ఎత్తుతలేదు" అంటే, పోగానే స్పానర్ తీయడు. మోటర్ ఆన్ చేయిస్తాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను మోటర్ ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. చుట్టూ ఎవరైనా మాట్లాడితే చెయ్యి ఎత్తుతాడు. అప్పుడు కళ్లు తెరిచి, "బేరింగ్ మంచిగనే ఉంది పెద్దనాయినా, లోపల రెక్కకు తుంగ సుట్టుకుంది" అంటాడు. విప్పి చూస్తే తుంగ ఉంటుంది. మోటర్లూ పైపులూ నా ట్రాలీ ఆటోలో వేసుకుని ఆయన వెంట పదేళ్లు తిరిగాను. ఆయన చెవి తప్పు చెప్పడం నేను చూడలేదు.

కాలువ గట్టు మీది మోటర్లకు ఒక జబ్బు ఎక్కువ. నీళ్లలో ముంచిన పైపు అడుగున ఫుట్ వాల్వు ఉంటుంది. నీళ్లను పైకి రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. దాని తోలు అరిగిందంటే పైపులో నీళ్లు నిలవవు, మోటర్ ఎంత తిరిగినా గాలే వస్తుంది. కొత్త వాల్వు తెచ్చేదాకా పొలం ఎండబెట్టలేరు కదా. అందుకని బిందెడు నీళ్లలో పేడ చిక్కగా కలిపి పైనుంచి పైపులో పోస్తారు. పేడలో ఉన్న పీచు వాల్వు సందుల్లో ఇరుక్కుంటుంది, కారడం ఆగుతుంది, మోటర్ నీళ్లు అందుకుంటుంది. బావ ఈ ఉపాయంతో ఎన్ని ఎకరాలు కాపాడాడో లెక్కలేదు.

ఇక మా అక్క స్వరూప సంగతి. నాకన్నా ఆరేళ్లు పెద్దది. చిన్నప్పుడు ఒకసారి గొంతు వాచి జ్వరం వచ్చింది. అది తగ్గిన కొన్నాళ్లకు మోకాళ్లూ మోచేతులూ వాచాయి. నాయన పసరు కట్టించాడు. వాపు పోయింది, అందరం మరచిపోయాం. బావతో పెళ్లయింది, బిడ్డ శ్రీజ పుట్టింది, ఆ పిల్ల ఇప్పుడు వనపర్తిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అక్కకు ముప్పై ఏడో ఏట ఆయాసం మొదలైంది. గంప నెత్తిన పెట్టుకుని చేను దాకా పోయే మనిషి, సగం దారిలో గట్టు మీద కూర్చునేది.

వనపర్తి దవాఖానాలో డాక్టర్ నజ్మా గారు స్కాన్ తీసి, గుండెలో ఒక వాల్వు పాడైందన్నారు. వాల్వు అనే మాట చెవిన పడగానే బావ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఎన్ని వాల్వులుంటయి మేడం?"

"నాలుగు. నీకెందుకు కురుమూర్తీ?"

"నేను మోటర్ మెకానిక్‌ను మేడం. జర బొమ్మ గీసి చెప్పుండ్రి, నాకు సమజైతది."

ఆమె మంచి మనిషి. బయట ముప్పైమంది వరుసలో ఉన్నా చీటీ వెనక్కి తిప్పి గీశారు. గుండె పిడికిలంత ఉంటుందని, రొమ్ము నడిమిట్లో కాస్త ఎడమకు ఒరిగి ఉంటుందని చెప్పారు. ఒక్క మోటర్ అనుకోవద్దు, ఒకే ఒంట్లో రెండు మోటర్లు అన్నారు. ఒక్కోదానికి పైన ఒక గది, కింద ఒక గది. పై గదిలో నెత్తురు నిండుతుంది, కింది గది పిండి పంపుతుంది. ఒళ్లంతా తిరిగి గాలి అయిపోయిన నెత్తురు కుడిపక్కకు వస్తుంది. కుడిపక్కది దాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ గాలి పట్టుకుని ఎడమపక్కకు వస్తుంది. ఎడమపక్కది నడినెత్తి నుంచి కాలివేళ్ల దాకా పంపాలి.

"అంటే ఎడమదానికి హెచ్‌పీ ఎక్కువుండాలె" అన్నాడు బావ.

"అందుకే దాని గోడ మందం. కుడిదానికి ఊపిరితిత్తులు పక్కనే, కొంచెం ప్రెషర్ చాలు."

"మరి వాల్వులు నాలుగూ నాన్ రిటర్న్‌లేనా?"

"నాలుగూ అవే. ముందుకే పోనిస్తయి. నీ భార్యకు ఎడమపక్క, పై గదికి కింది గదికి నడుమ ఉన్నది పాడైంది. చిన్నప్పుడు గొంతుల పురుగు పడితే ఒళ్లు దాని మీద యుద్ధం చేసింది. ఆ యుద్ధంల సొంత వాల్వునే కొట్టుకున్నది. ఇప్పుడది మందమై, అంచులు అతుక్కొని, సక్కగ తెర్సుకోదు, సక్కగ మూసుకోదు. నెత్తురు వెనక ఊపిరితిత్తుల్ల నిలబడుతుంది. అందుకే ఆయాసం."

"కరెంటు ఎక్కడికెల్లి వస్తది మేడం?"

"అదే పుట్టించుకుంటది. కుడిపక్క పై గదిల చిన్న ముక్క ఉంటది. అదే స్టార్టర్."

గుండె నిమిషానికి ఐదు లీటర్ల నెత్తురు తోడుతుందని ఆమె చెప్పారు. బావ వేళ్ల మీద లెక్క కట్టాడు. రోజుకు ఏడువేల రెండువందల లీటర్లు. ఊళ్లో పెళ్లిళ్లకు తెప్పించే నీళ్ల ట్యాంకర్ ఒకటి, దాని మీద ఇంకో సగం దాకా.

"ఒక్కదినం కూడ బంద్ చెయ్యకుండనా?"

"ఒక్క నిమిషం కూడ."

బావ అక్క వైపు చూశాడు. పదహారేళ్ల కాపురంలో ఆమెను అలా చూడటం నేను చూడలేదు. అక్కకు సిగ్గేసి చీర కొంగు సర్దుకుంది. ఆ చీటీ బావ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మందులు రాసింది ఆ చీటీకి రెండో వైపే కాబట్టి డాక్టరమ్మ మళ్లీ ఇంకోటి రాయాల్సి వచ్చింది.

పట్నంలో పెద్దదవాఖానాలో ఆపరేషన్ అయింది. గుండెను ఆపి, నెత్తురును బయట మిషన్ గుండా తిప్పుతూ, పాడైన వాల్వు కోసి తీసి, రెండు రెక్కల కొత్త వాల్వు కుట్టారు. బైపాస్ లైన్ వేసి మోటర్ విప్పినట్టే ఉందని బావ వార్డులో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. ఇంటికి వచ్చాక తెలిసింది, ఆ వాల్వుకు చప్పుడు ఉందని. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అక్క పక్కన కూర్చుంటే టిక్కు టిక్కుమని వినిపించేది.

"అక్కా, నీ పక్కన కూసుంటే గడియారం కొనే పని లేదు" అన్నాను.

"నీ నోటికి ఒక వాల్వు పెట్టియ్యాల్సింది దినేశూ. దానికి మూసుకునుడే తెల్వదు" అంది.

వాల్వుతో పాటు ఒక మాత్ర వచ్చింది. నెత్తురును పల్చగా ఉంచే మాత్ర. రోజూ సాయంత్రం ఆరింటికి వేసుకోవాలి, బతికినంతకాలం. నెలకోసారి వనపర్తి పోయి నెత్తురు ఎంత పల్చగా ఉందో పరీక్ష చేయించుకోవాలి, దాన్నిబట్టి మాత్ర పెంచడమో తగ్గించడమో చేస్తారు. ఆకుకూర ఒకనాడు తట్టెడు, ఒకనాడు ఏమీ లేకుండా తినొద్దు, రోజూ ఒక్క తీరుగా తినాలి. రెండేళ్లు బావ ఒక్క నెల తప్పలేదు. అక్క మళ్లీ గంప ఎత్తింది.

మూడో ఏడు వానాకాలం, కాలువకు నీళ్లు వదిలారు. నాట్ల కాలంలో మెకానిక్కు తిండికి తీరిక ఉండదు. ఒక నెల పరీక్ష తప్పింది. "నాట్లు కానీ, పోదాం" అన్నాడు బావ. రెండో నెలా తప్పింది. ఈలోగా అక్కకు కలుపు తీస్తుంటే కొడవలి తగిలి వేలు తెగింది. గుడ్డ మీద గుడ్డ కట్టినా చాలాసేపు ఆగలేదు. పళ్లు తోముకుంటే చిగుళ్లలో నెత్తురు. నెలసరి ఐదు రోజులది పన్నెండు రోజులు పోయింది. బట్టలు ఉతికే బండ దగ్గర కళ్లు తిరిగి కూలబడింది.

మరుసటి పొద్దున ఫకీర్ భాయ్ చాయ్ హోటల్లో కూర్చున్నాం. బావ గ్లాసు పట్టుకుని తాగడం లేదు.

"బామ్మర్దీ, ఆలోచించు. వాల్వు కొత్తది. కుట్లేసి పెట్టిండ్రు. గసొంటి దాంట్లకెల్లి పల్చటి నెత్తురు పోతే సందుల్ల కారదా? ఏలు కాడ కారుతుంది, చిగుళ్ల కాడ కారుతుంది. లోపల కారుతలేదని ఏంది నమ్మకం? కారే వాల్వుకు మనమేం పోస్తం? చిక్కటిది పోస్తం. వీళ్లు పల్చగ చెయ్యమంటరేంది?"

ఫకీర్ భాయ్ పొయ్యి దగ్గరి నుంచే అన్నాడు. "అరె భాయ్, డాక్టరమ్మకు ఒక ఫోన్ కొట్టి అడుగు. ఫోన్ నీ జేబుల్నే ఉంది గదా."

"చిన్నచిన్నదానికి ఆమెను పరేషాన్ చెయ్యుడెందుకు భాయ్?" అన్నాడు బావ.

అక్కడ నేను ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకోదు. "అయిజల జయపాల్ అని ఉన్నడు బావా" అన్నాను. "ఆయనకు గిదే వాల్వు. ఆర్నెల్లు మాత్ర మింగి మింగి, ముక్కుల నెత్తురు కారుతుంటే కోపమొచ్చి డబ్బ డబ్బంత కాలువల పారేసిండు. ఎనిమిదేండ్లాయె. ఇయ్యాల మార్కెట్ల రెండు పల్లి బస్తాలు రెండు భుజాల మీదేసుకొని నడుస్తడు. డాక్టర్లే వచ్చి ఆయన్ని చూసిపోతరు."

అయిజలో నాకు జయపాల్ అనే మనిషి ఒకడు తెలుసు. ఎరువుల దుకాణంలో కూర్చుంటాడు. అతని గుండె సంగతి నాకేమీ తెలియదు.

ఆ సాయంత్రం ఆరింటికి అక్క మాత్ర తీయబోతే బావ ఆ మాత్రల పట్టీ తీసుకుని, బేరింగులు పెట్టుకునే గూట్లో పెట్టాడు.

"ఒక్కనాడు కూడ తప్పొద్దన్నది గదా డాక్టరమ్మ" అంది అక్క.

"డాక్టరమ్మకు నెత్తురు తెల్సు. వాల్వు నాకు తెల్సు. కొన్ని దినాలు చూద్దాం."

అక్క నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది. వాల్వుల విషయంలో ఈ మనిషి మాట తప్పు కావడం ఆమె కూడా ఎన్నడూ చూడలేదు. ఆ రోజు నుంచి బావ పాలకూర, మునగాకు, తోటకూర సంచులతో తెచ్చాడు. నెత్తురు చిక్కబడాలని రెండు పూటలా ఆకుకూరే. వారం తిరిగేసరికి చిగుళ్లలో నెత్తురు ఆగింది. నెలసరి ఆగింది. "ఆగిందా లేదా?" అన్నాడు బావ. నేనైతే హోటల్లో కూర్చుని, పట్నం డాక్టర్ల తప్పును మా బావ సరిదిద్దాడని చెప్పాను. విన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు, అంత నమ్మకంగా చెప్పాను.

ఇరవై నాలుగో రోజు ఆదివారం. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది. బావా నేనూ అన్నానికి కూర్చున్నాం. అక్క వంగి చారు పోస్తోంది. బావ ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. చెయ్యి ఎత్తాడు, మోటర్ దగ్గర ఎత్తినట్టే.

"ఏమైంది?" అన్నాను.

"మాట్లాడకు. స్వరూపా, గిట్ల రా."

లేచి అక్క వీపుకు చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు. రెండేళ్లుగా ఇంట్లో వింటున్న ఆ చప్పుడు, గోరుతో గ్లాసును కొట్టినంత సన్నంగా ఉండేది, ఇప్పుడు గుడ్డ చుట్టి కొట్టినట్టు మందంగా, ఒకవైపే పడుతోంది.

"ఆయాసమొస్తుందా?"

"రెండు దినాలాయె" అంది అక్క. "కలుపుకు పొయ్యొచ్చినందుకేమో అనుకున్న. రాత్రి పండుకుంటే ఊపిరాడక లేసి కూసున్న."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు గింత మంచిగ చేస్తుంటివి గదా, ఏం చెప్పాలె?"

బావ గోడకు ఆనుకున్నాడు. తనలో తాను మాట్లాడుకున్నట్టే నాతో అన్నాడు. "మన ఫుట్ వాల్వు మోటర్ నడిచినంతసేపు తెర్సుకొనే ఉంటది దినేశూ. పెండ పట్టినా ఏం గాదు. ఇది నిమిషానికి డెబ్బైసార్లు తెర్వాలె, డెబ్బైసార్లు మూయాలె. ఇందుల చిక్కటిది పడితే రెక్క ఇరుక్కుంటది. గింత సంగతి నాకెందుకు తట్టలే? ఎందుకు తట్టలే?"

అంబులెన్స్ కోసం ఆగలేదు. ట్రాలీలో గోనెసంచులు పరిచి అక్కను కూర్చోబెట్టాం. పడుకోబెడితే ఊపిరి అందడం లేదు. బావ వెనక కూర్చుని ఆమె వీపుకు తన రొమ్ము ఆనించి పట్టుకున్నాడు. పెబ్బేరు మీదుగా వనపర్తి దాకా నేను బండి ఎంత వేగంగా నడిపానో వేరే రోజైతే గొప్పగా చెప్పేవాణ్ణి.

డాక్టర్ నజ్మా గారు ఆ రోజు డ్యూటీలోనే ఉన్నారు. ఛాతీ మీద స్కాన్ పెట్టి తెర మా వైపు తిప్పారు. బూడిదరంగు పొగలో రెండు గీతలు. ఒకటి తలుపులా కొట్టుకుంటోంది. రెండోది కదలడం లేదు. ఆమె వేలు పెట్టి చూపించకముందే బావ "ఆ రెక్క" అన్నాడు.

"నెత్తురు గడ్డ కట్టింది" అన్నారు ఆమె. అక్క వైపు తిరిగారు. "మాత్ర రోజూ వేసుకుంటున్నవా తల్లీ?"

అక్క ఒక్క మాటకు రెండుసార్లు ఊపిరి తీసుకుంటోంది. అయినా బావ వైపు ఒకసారి చూసి, "వేసుకుంటున్న మేడం" అంది.

"ఒక్కరోజు కూడ తప్పలేదు?"

"తప్పలే."

ఆమె నా వైపు చూశారు. నేను తల ఊపాను. నలుగురిలో బావ పరువు పోతుందనుకున్నానో, నా జయపాల్ బయటపడతాడనుకున్నానో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

"చూడుండ్రి" అన్నారు ఆమె. "మాత్ర వేసుకుంటుండగానే గడ్డ కట్టిందంటే ఒక వైద్యం. మాత్ర లేక కట్టిందంటే ఇంకొకటి. ఇప్పుడు నెత్తురు ఎంత పల్చగ ఉందో తెల్వకుండ గడ్డ కరిగే మందు ఎక్కిస్తే తలల నెత్తురు పారి చచ్చిపోవచ్చు. పరీక్షకు పంపిన, అది వచ్చేదాక ఆగుతే రెండో రెక్క కూడ ఆగొచ్చు. నేను పట్నంకు ఫోన్ చేసి ఏమని చెప్పాలె?"

అక్క మళ్లీ నోరు తెరిచింది. బావ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇరవై నాలుగు దినాలు మేడం" అన్నాడు. "ఆమె మానలే. నేనే మాన్పించిన. పట్టీ తీసి నా గూట్ల పెట్టుకున్న. నెత్తురు కారుతుంటే పల్చనైందనుకున్న. కాలువ మీద వాల్వు కారితే పెండనీళ్లు పోస్తం మేడం, గా లెక్కనే అనుకున్న. రెండు పూటల ఆకుకూర పెట్టిన, చిక్కబడాలని. రెండు నెలల పరీక్ష కూడ నేనే తప్పించిన. ఆమె మీద తప్పు రాయకుండ్రి."

గదిలో ఒక నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టనూ లేదు. ఫోన్ తీస్తూ, ఒక్క మాట చెప్పారు. "నీళ్లు ఎన్నేండ్లు నిలబెట్టినా నీళ్లే కురుమూర్తీ. నెత్తురు గట్ల కాదు. కొంచెం నిలబడ్డా, పరాయి వస్తువు తగిలినా పాల లెక్క తోడుకుంటది. గాయమైనప్పుడు గదే మనల్ని బతికిస్తది. ఆమె గుండెల పరాయి వస్తువు పెట్టినం గనుక ఆ గుణాన్ని రోజూ కొంచెం ఆపాలె. నెత్తురు కారిననాడు నువ్వు నాకు ఒక్క ఫోన్ చేస్తే, మాత్ర సగం చేసి పంపేదాన్ని."

బావ తల దించుకోలేదు. ఆమె చెప్పిన ప్రతి మాటా నిలబడి విన్నాడు.

అంబులెన్స్‌లో పట్నం పోతుంటే, అక్క కళ్లు మూసుకుని మాస్కులో ఊపిరి తీసుకుంటోంది. నేను ఆగలేకపోయాను. "బావా, అయిజ జయపాల్ సంగతి అంత ఉత్తదే. నేనే పుట్టించిన."

"తెల్సు" అన్నాడు.

"తెల్సా?"

"నువ్వు చెప్పేది ఎన్నడు నిజమైందిరా? గా దినమే తెల్సు."

"మరెందుకు ఇన్నవు?"

కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నాకు కావల్సిందే చెప్పినవు గదా."

పట్నంలో ఒక కుర్ర డాక్టర్ కాగితం తెచ్చాడు. మందు గడ్డను కరిగిస్తుంది, కానీ కరిగేటప్పుడు ముక్క విరిగి నెత్తుట్లో కొట్టుకుపోవచ్చు. వాల్వు ఉన్నది ఎడమపక్క, అక్కడి నుంచి వెళ్లేది ఒళ్లంతటికీ. ఆ ముక్క కాలికి పోతుందో, మూత్రపిండానికి పోతుందో, తలకు పోతుందో ముందే చెప్పలేం. మళ్లీ రొమ్ము కోద్దామంటే ఈ ఊపిరితో బల్ల మీది నుంచి లేవకపోవచ్చు. "ఏదో ఒకటి మీరే చెప్పాలి" అన్నాడు. బావ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి మందు ఎక్కించమని సంతకం పెట్టాడు.

రాత్రంతా సన్నగా మందు ఎక్కింది. తెల్లారి స్కాన్‌లో రెండు రెక్కలూ కొట్టుకుంటున్నాయి. డాక్టర్ నవ్వుతూ బయటికొచ్చి చెప్పాడు. నేను అక్కడే వరండాలో దండం పెట్టాను. ఏడింటికి నర్సు మంచినీళ్ల గ్లాసు ఇస్తే, అక్క కుడిచెయ్యి చాచింది. గ్లాసు దాకా పోయింది. వేళ్లు ముడుచుకోలేదు. గ్లాసు కింద పడి వార్డు పొడుగునా దొర్లింది. అక్క ఏదో అనబోయింది, మాట ముద్దగా వచ్చింది.

గడ్డలోంచి ఒక నలుసు మెడలో పెద్ద నాళం వెంట పైకి పోయి తలలో ఎడమవైపు సన్నటి నాళంలో ఆగిందట. తల ఎడమవైపు కుడిచేతిని నడిపిస్తుందని, మాట కూడా అక్కడే పుడుతుందని చెప్పారు. మాట నెల తిరగకముందే చక్కబడింది. చెయ్యి రాలేదు. కసరత్తు చేయించారు, బంతి పిసికించారు, బావ పొద్దున గంట, సాయంత్రం గంట ఆ వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటీ వంచి తెరిచాడు. భుజం దాకా లేస్తుంది. పిడికిలి పడదు.

అక్క వంట ఎడమచేత్తో నేర్చుకుంది. జడ బావ వేస్తాడు, మొదట్లో పైపుకు తాడు చుట్టినట్టు వేసేవాడు, ఇప్పుడు కొంచెం నయం. నెల తప్పకుండా వనపర్తి పోతారు. ఆ రోజు ఎవరి మోటర్ కాలిపోయినా బావ ఫోన్ తీయడు. పని కొంత తగ్గింది, అందరూ ఇదివరకటిలా ఆయన్ని పిలవరు. చెవి మాత్రం అలాగే ఉంది. కానీ మోటర్ దగ్గర కళ్లు తెరిచాక వెంటనే చెప్పడు. "విప్పి చూసినంక చెప్త" అంటాడు. ఆ మాట ఆయన నోట నేను మునుపు వినలేదు.

అక్కకు ఒక్కటే నచ్చేది కాదు, బయట తినడం. ఎడమచేత్తో తింటే నలుగురూ చూస్తారని పెళ్లిళ్లకూ దావత్‌లకూ రావడం మానేసింది. పోయిన మాఘంలో నాగర్‌కర్నూల్ దగ్గర మా చుట్టాలింట్లో మనవడికి పుట్టువెంట్రుకలు తీశారు. బావ పట్టుబట్టి తీసుకొచ్చాడు. భోజనాల బంతిలో అక్క గోడ వారగా కూర్చుంది, పక్కన బావ, ఎదురు వరుసలో నేను. విస్తళ్లలో అన్నం పడింది. అక్క తల వంచుకుని ఎడమచేత్తో మెల్లగా కలుపుతోంది.

బావ అవతల మా బాలమ్మ పెద్దమ్మ కూర్చుంది. డెబ్బై ఏళ్ల మనిషి, మాట కరుకు, మనసులో ఏమీ ఉండదు. ఆమెకు అక్క సంగతి సగమే తెలుసు.

"ఏందే స్వరూపా, పుర్రచెయ్యితోని తింటున్నవు? బంతిల కూసొని గట్ల తింటరా? కొత్త కోడండ్లు సూస్తుండ్రు" అంది.

అక్క చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. వడ్డించే పిల్లలు కూడా ఆగారు. నాకు ఏదైనా ఒక కథ అల్లి నలుగురినీ నవ్వించి ఆ మాటను దాటించేయాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

బావ తన కుడిచెయ్యి నీళ్లతో కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి విస్తట్లో పెట్టాడు.

"ఆమె కుడిచెయ్యి పోయింది పెద్దమ్మా" అన్నాడు. గట్టిగా కాదు, కానీ వరుస చివరిదాకా వినబడింది. "దానంతట అది పోలే. నేనే పోగొట్టిన. నాకు తెల్వంది తెల్సనుకొని, ఆమె మందు ఆపిన."

పెద్దమ్మ నోరు కొంచెం తెరిచి ఉండిపోయింది. బావ తల వంచుకుని ఎడమచేత్తో ముద్ద కలపబోయాడు. అలవాటు లేని చెయ్యి. పప్పు వేళ్ల సందుల్లోంచి జారింది. ముద్ద నోటిదాకా పోకముందే సగం పంచె మీద పడింది.

అక్క ఆయన్ని చూసింది. తర్వాత తన విస్తరి ముందుకు జరుపుకుని, మళ్లీ కలపడం మొదలుపెట్టింది.

"గట్ల గాదు" అంది, ఆయన వైపు చూడకుండానే. "ఏళ్లు దగ్గర పెట్టు. కొంచెం కొంచెం కలుపు."